నికెల్ తీగ, నాలుగంతస్తుల అలారం

కూర్చోండి. అల్లం దంచి వేశాను, టీ మరుగుతోంది. అది దిగేలోపు ఒక విషయం తేల్చేస్తాను. పోయిన శనివారం మా బిల్డింగ్‌కి ఫైరింజన్ ఎందుకొచ్చిందని, అప్పుడక్కడ లేనివాళ్లంతా మన వాట్సాప్ గ్రూపులో వారం నుంచి చర్చిస్తున్నారు కదా. ఒకరేమో మూడో ఫ్లోర్‌లో పోపు మాడిందన్నారు. ఒకరేమో ఎవరిదో డ్రయ్యర్ కాలిందన్నారు. పాపం, మాధవి గారింట్లో వ్రతం అగరొత్తుల వల్లే అని కూడా రాశారు. అవేవీ కాదు. నేను. నా చిటికెన వేలి గోరంత తీగ చుట్ట ఒకటి నా చేతులతో చుట్టి, నాలుగంతస్తుల జనాన్ని పార్కింగ్ లాట్‌లో నిలబెట్టాను.

వాసూ, అప్పుడే నవ్వకు. మొత్తం విను. అప్పటికీ నవ్వొస్తే నవ్వుకో. నాకైతే ఇప్పటిదాకా రాలేదు.

నేను సిగరెట్ మానేసిన సంగతి మీకందరికీ తెలుసు. ఎలా మానేశానో తెలీదు. మా మావగారు ఊపిరితిత్తులు పాడై పోయారు. ఆఖరి రెండు నెలలు ఉష ఇండియా వెళ్లి వాళ్ల నాన్న మంచం పక్కనే ఉంది. ఆక్సిజన్ పైపు పెట్టుకున్న మనిషి దిండు గలీబులో సిగరెట్ పెట్టె దొరికిందట. అది చూసి వచ్చిన మనిషి నన్ను ఎయిర్‌పోర్టులో చూడగానే ముందు నా చొక్కా వాసన చూసింది. ఇంటికొచ్చి, మా మేఘని పిలిచి, నా కుడిచెయ్యి పట్టుకుని పిల్ల నెత్తిమీద పెట్టింది. "ఇంక సిగరెట్ ముట్టనని ఒట్టెయ్యండి" అంది. వేశాను. మేఘకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏంటిది డాడీ అని అడిగితే, మీ డాడీ ప్రామిస్ చేస్తున్నాడమ్మా అని చెప్పాను.

ఆ రోజు నుంచి సిగరెట్ ముట్టలేదు. నిజం. కానీ నేను ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టులు చదివి, రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లు చదివి బతుకుతున్నవాణ్ణి. ఒట్టులో ఉన్న మాట సిగరెట్. వేప్, అదే బ్యాటరీతో నికోటిన్ ఆవిరి పీల్చే ఆ గొట్టం, ఆ మాట అందులో లేదు. స్కోప్‌లో లేని పని చేస్తే తప్పెలా అవుతుంది? ఇలా నాకు నేనే చెప్పుకుని, ఆఫీసులో ఒకాయన మానేస్తూ పారేయబోతున్న వేప్ సామానంతా ఓ సంచిలో వేసుకుని తెచ్చుకున్నాను. బాల్కనీలో వాటర్ హీటర్ ఉండే చిన్న గది ఉంది కదా, అందులో పాత బొమ్మల పెట్టె వెనకాల దాచాను.

నేనేం విలాసానికి చెయ్యలేదురా. నికోటిన్ పన్నెండు మిల్లీగ్రాముల నుంచి ఆరుకి తెచ్చాను, ఆరు నుంచి మూడుకి తెచ్చాను. మూడు నుంచి సున్నా. ఆ రోజున ఉషతో, చూశావా, అదీ మానేశాను అని చెప్పి మెప్పు కొట్టేద్దామని నా ప్లాను. మానేశాక చెప్తే మగతనం, మానకముందు చెప్తే తన్నులు. అంతే లెక్క.

ఇక్కడ కాయిల్ సంగతి చెప్పాలి. ఆ పరికరంలో ఓ చిన్న తీగ చుట్ట ఉంటుంది. దాని మధ్యలోంచి దూది దూరుస్తారు. దూది ద్రవాన్ని పీలుస్తుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. రెండు మూడు వారాలకి తీగ నల్లబడిపోతుంది, మార్చాలి. రెడీమేడ్ కాయిల్స్ దొరుకుతాయి. కానీ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డెలివరీ అప్పుడు పెద్దవాళ్లెవరో సంతకం పెట్టాలి. మా ఇంట్లో తలుపు తీసే పెద్ద మనిషి ఎవరు? ఉష. వర్క్ ఫ్రమ్ హోమ్.

పోనీ షాపుకి వెళ్దామా అంటే, ఈ ఇర్వింగ్‌లో వేప్ షాపు ఎక్కడుందో తెలుసుగా. మనం కూరలు కొనుక్కునే దుకాణానికి, మిఠాయి కొట్టుకి మధ్యలో. నా కారు ఆ షాపు ముందు రెండు నిమిషాలు ఆగితే సాయంత్రానికి ఉషకి మూడు ఫోన్లు వస్తాయి. "అన్నయ్య కారు చూశాం వదినా, దొండకాయలు ఫ్రెష్‌గా ఉన్నాయా?" అని మొదలెడతారు.

అందుకని తీగ కొని నేనే చుట్టుకుందామనుకున్నాను. తీగకి సంతకం అక్కర్లేదు. హాబీ వైర్ అని మామూలు కవర్లో వస్తుంది. ఎలాగూ నేను చదివింది ట్రిపుల్ ఈ. ఎలక్ట్రికల్‌లో డిస్టింక్షన్. డిగ్రీ చేతికొచ్చిన వారానికే జావా నేర్చుకుని, ఆ తర్వాత కరెంటు జోలికి పోలేదు. అది వేరే సంగతి. మీ ఇళ్లలో స్విచ్ పని చెయ్యకపోతే నాకే కదా ఫోన్ చేస్తారు. నేనొచ్చి స్విచ్ రెండుసార్లు నొక్కి, ఎలక్ట్రీషియన్ని పిలవమని చెప్పి, కాఫీ తాగి వెళ్తాను. అయినా నన్నే పిలుస్తారు. ఆ గౌరవమే నా కొంప ముంచింది.

తీగ ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. నవ్వకండి. మీటింగుల్లో కెమెరా ఆపేసి ఎక్సెల్ షీటు వేశాను. కాంథాల్ అని ఒకటి, నైక్రోమ్ అని ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీల్, టైటానియం, నికెల్. ఏది ఎంత తొందరగా వేడెక్కుతుంది, ఏది ఎన్నాళ్లు ఉంటుంది, అన్నీ గడుల్లో నింపాను. ఫోరముల్లో జనం మన పెళ్లి సంబంధాలకంటే ఎక్కువ కొట్టుకుంటున్నారు. ఒకడు కాంథాల్ బిగినర్స్‌కి మంచిదని రాశాడు. బిగినర్స్ అన్న మాట చూడగానే ఆ వరస మొత్తం డిలీట్ చేశాను. డిస్టింక్షన్‌వాడికి బిగినర్ తీగా?

ఆఖరికి రెండు మిగిలాయి. ఒకటి నైక్రోమ్ ఎనభై. ఇంకోటి నికెల్ రెండొందలు. ఆ అంకెలు లోహం రకానికే గుర్తులని ఒక్క నిమిషం చదివుంటే తెలిసేది. చదవలేదు. మనల్ని పెంచిందే మార్కులు చూసి కదరా. ఎనభై వచ్చినవాడు పక్క బెంచీ, రెండొందలు వచ్చినవాడు ఫస్ట్ బెంచీ. రెండొందల తీగే ఆర్డర్ చేశాను. రివ్యూల్లో ఎవరో, ఇది టెంపరేచర్ మోడ్‌లో, అంటే వేడి హద్దు దాటితే పరికరమే ఆపేసే పద్ధతిలో తప్ప వాడకండి, దీనికి రెసిస్టెన్స్ చాలా తక్కువ అని రాశాడు. వాడిది ఎలక్ట్రికల్ కాదులే అనుకున్నాను.

కవరొచ్చింది. ఉషే తీసుకుంది. ఏంటిది అంటే హాబీ వైర్ అన్నాను. మీకు హాబీ ఎప్పుడొచ్చింది అన్నట్టు చూసింది. లేబుల్ మీద ఫోమ్ కోయడానికి, బొమ్మలకి, క్రాఫ్ట్స్‌కి అని బొమ్మలతో సహా ఉంది. అది చూసి ఊరుకుంది. ఆ లేబుల్ నన్ను కాపాడుతుందనుకున్నాను. అదే తర్వాత నా నోట్లో అబద్ధం పెట్టింది.

శనివారం పొద్దున ఉష మేఘని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్లింది. రెండు గంటలు ఖాళీ. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు వేసుకుని, కమోడ్ మూత మీద కూర్చున్నాను. స్క్రూడ్రైవర్‌కి ఆరు చుట్లు చుట్టాను. చాలా అందంగా వచ్చింది. ఫోటో తీసుకుందామనుకున్నాను కూడా. స్క్రూలు బిగించి, దూది దూర్చాను. పరికరం స్క్రీన్ మీద ఏదో అడిగింది. న్యూ కాయిల్, ఎస్, నో అని. నేను ఎస్ కొట్టాను. కింద ఇంకేదో చిన్నక్షరాల్లో వచ్చింది, దానికీ ఎస్ కొట్టాను. పదిహేనేళ్లుగా అలాంటి పాపప్‌లు రాసేవాణ్ణి నేనే. ఎవరూ చదవరని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

వాట్స్ అరవైకి పెట్టి బటన్ నొక్కాను. దూదికి ఇంకా ద్రవం పట్టించలేదు. ముందు తీగ సమంగా ఎర్రబడుతుందో లేదో చూద్దామని. వీడియోలో ఎవరో అలా చేశాడు. వాడి తీగ వేరు. అసలు దూది పెట్టకముందే చెయ్యాలట ఆ పని. నా తీగ ఎర్రబడలేదు. ఒక్కసారిగా తెల్లగా మెరిసింది, దూది భగ్గుమంది.

చిన్న మంటేలే, అగ్గిపుల్లంత. ఊదితే పోయేది. కానీ నేను ఉలిక్కిపడి చెయ్యి విదిలించాను. ఆ మండే దూది వెళ్లి టవల్ మీద పడింది. ఉష వాళ్లమ్మ ఇచ్చిన మెత్తటి టవల్. అది మంట పట్టలేదు, పొగ పట్టింది. నల్లగా, ఘాటుగా. టవల్‌ని టబ్‌లో పడేసి షవర్ తిప్పాను. పొగకి ఆవిరి తోడైంది. కళ్లు మండి తలుపు తీశాను. హాల్లో అలారం మొదలైంది.

ఇప్పుడు చెప్పండి, ఇంట్లో తాలింపు మాడి అలారం మోగితే మనం ఏం చేస్తాం? బాల్కనీ తలుపు తీస్తాం. పేపరు పెట్టి విసురుతాం. పొరపాటున కూడా కారిడార్ వైపు తలుపు తియ్యం. తీస్తే కారిడార్ అలారం మోగుతుంది, అది మోగితే బిల్డింగ్ మొత్తం మోగుతుంది. ఈ దేశానికొచ్చిన మొదటి వారంలోనే మనకి రూమ్మేట్లు నేర్పే పాఠం అది. ఇంగ్లీషు రాకపోయినా ఇది వస్తుంది. నేను ఆ దగ్గులో, ఆ భయంలో, ఊపిరాడక సరిగ్గా ఆ తలుపే తీశాను.

ఇంక చూడండి. నాలుగు ఫ్లోర్లూ మోగాయి. మేడమెట్ల మీద జనం. పిల్లలు, కుక్కలు, సగం గడ్డం గీసుకున్న మనిషి. నేనూ వాళ్లతోపాటు, ఏమైందండీ, ఎవరింట్లోనండీ అని అడుగుతూ దిగాను. ఇది మీకు చెప్పాలో వద్దో అని ఆలోచించాను. చెప్పేస్తున్నా. అడిగాను.

రెండో ఫ్లోర్‌లో మాధవి గారింట్లో సత్యనారాయణ వ్రతం. మూడో అధ్యాయం నడుస్తుండగా మోగిందట. ఆవిడా, వాళ్లాయనా కొంగుముడితోనే దిగారు. పంతులుగారు పంచె మీద వింటర్ జాకెట్ వేసుకుని దిగారు. కథ మధ్యలో లేస్తే ఏమవుతుందో ఆ కథలోనే ఉంది కదా, మాధవి గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పంతులుగారు మంచివాడు. "ఫరవాలేదమ్మా, స్వామి ఇక్కడ కూడా ఉంటాడు" అని ఎవరిదో కారు బానెట్‌కి ఆనుకుని, ఫోన్‌లో చూసి మిగతా కథ చదవడం మొదలెట్టారు. నేను చేతులు కట్టుకుని వినాల్సొచ్చింది. పక్కకి పోతే అనుమానం వస్తుందని.

ఫైరింజన్ వచ్చింది. నలుగురు పైకెళ్లారు. కాసేపటికి వాళ్లలో ఒకాయన దిగి, త్రీ ట్వంటీ వన్ ఫ్లాట్ ఎవరిదని అడిగాడు. చెయ్యెత్తాను. అందరూ నావైపు తిరిగారు. పంతులుగారు కూడా ఆపారు.

ఆయన భారీ మనిషి, తెల్లమీసాలు. నన్ను పైకి తీసుకెళ్లాడు. బాత్రూమ్‌లో తడి టవల్, సోప్ డిష్‌లో వేప్, సింకు మీద తీగ రీలు, నా స్క్రూడ్రైవర్. అన్నీ వరసగా చూశాడు. "సర్, వాట్ వర్ యూ డూయింగ్?" అన్నాడు. ఎందుకొచ్చిందో తెలీదు, "మై డాటర్స్ సైన్స్ ప్రాజెక్ట్" అన్నాను. "ఫోమ్ కటర్. హాట్ వైర్." చేత్తో ఫోమ్ కోస్తున్నట్టు చూపించాను కూడా.

ఆయన తీగ రీలు తీసుకుని లేబుల్ చదివాడు. నికెల్ రెండొందలు. వేప్ తీసి స్క్రీన్ చూశాడు. వాట్స్ అరవై. నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, తోటివాళ్లు హాల్లో ఉన్నారని చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "మ్యాన్, నికెల్‌ని ఎప్పుడూ వాట్స్ మీద పెట్టకు. అది టెంపరేచర్ మోడ్‌కే. నీకు అదంతా వద్దంటే స్టెయిన్‌లెస్ కొనుక్కో. కాంథాల్ ఇంకా తేలిక. బిగినర్స్‌కి అదే మంచిది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై ఏళ్ల తర్వాత నాకు మళ్లీ వైవా జరిగింది, అది కూడా తడి బాత్రూమ్‌లో, హెల్మెట్ పెట్టుకున్న ఎగ్జామినర్‌తో. థాంక్యూ అన్నాను. ఇంకేమనాలి? ఆయన పోతూపోతూ, "ఫ్యామిలీ ఉంది కదా నీకు, జాగ్రత్త" అన్నాడు. నేనప్పుడా మాట వినలేదు. ఎలా బయటపడాలా అనే చూస్తున్నాను.

కింద ఆయనే అందరికీ చెప్పాడు. చిన్న ప్రాజెక్ట్ ఏదో కాలింది, ప్రమాదమేం లేదు, వెళ్లొచ్చు అని. జనం గొణుక్కుంటూ కదిలారు. సరిగ్గా అప్పుడే ఉష కారు వచ్చింది. ఫైరింజన్ని చూసి కారు అడ్డంగా ఆపేసి, డోరు కూడా వెయ్యకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను పట్టుకుని చేతులు చూసింది, మొహం చూసింది. "ఏమైంది? మీకేం కాలేదుగా?" అంది.

చూశారా, అక్కడ చెప్పేయొచ్చు. ఆవిడ నన్ను పట్టుకుని ఉంది. నేను బతికున్నానని సంతోషంలో ఉంది. అప్పుడు చెప్తే సగం తిట్లతో పోయేది. నేను చెప్పలేదు. "ఏం లేదు, మేఘ సైన్స్ ప్రాజెక్ట్ కోసం ఫోమ్ కటర్ చేస్తుంటే..." అన్నాను.

ఉష మేఘ వైపు తిరిగింది. పిల్ల గజ్జెల సంచి పట్టుకుని వెనకాల నిలబడి ఉంది. "నీకు ప్రాజెక్ట్ ఉందా? నాకు చెప్పలేదేం?"

మేఘ నన్ను చూసింది. ఒక్క క్షణం. "ఎస్ మమ్మీ" అంది. "ఫోమ్‌తో. అది సర్‌ప్రైజ్."

పిల్లకి అబద్ధం చెప్పడం రాదు. స్కూల్లో హోమ్‌వర్క్ మర్చిపోతే కూడా టీచర్ అడక్కముందే చెప్పేస్తుంది. తను నా కోసం చెప్పింది. మీతో నిజం చెప్తున్నా, నాకు ఆ క్షణంలో సిగ్గనిపించలేదు. హమ్మయ్య అనిపించింది. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

మాధవి గారు కథ పూర్తయ్యాక పేపర్ కప్పులో ప్రసాదం తెచ్చారు. "పిల్ల చదువు కోసం ఇంత కష్టపడతారా అన్నయ్యా! మావారైతే ప్రాజెక్టంటే పారిపోతారు" అన్నారు. రవ్వ ప్రసాదం, నెయ్యి కారుతోంది. సత్యనారాయణస్వామి ప్రసాదం నోట్లో, అబద్ధం కూడా నోట్లోనే. మింగలేక మింగాను.

కథ ఇక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేవాణ్ణి కాదు. హాయిగా సైన్స్ ప్రాజెక్టనే గ్రూపులో రాసేవాణ్ణి.

ఆదివారం ఉష, "ఆ ప్రాజెక్ట్ ఏదో నా కళ్లముందే చెయ్యండి, ఇల్లు తగలెయ్యకుండా" అంది. లేని ప్రాజెక్ట్‌కి ఫోమ్ కొనడానికి నేనూ మేఘా బయల్దేరాం. హైవే ఎక్కాం. వెనక సీట్లో పిల్ల కిటికీలోంచి చూస్తోంది. తర్వాత అడిగింది.

"డాడీ, ఒట్టు బ్రేక్ అయితే ఎవరికి అవుతుంది?"

నాకర్థం కాలేదు. "ఎవరికేమవుతుందమ్మా?" అన్నాను.

"అమ్మమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒట్టు తప్పితే, ఒట్టు వేసిన వాళ్లకి కాదు, ఎవరి హెడ్ మీద వేశారో వాళ్లకి అవుతుందని. నువ్వు నా హెడ్ మీద వేశావు కదా." సీటు బెల్టు పట్టుకుని మళ్లీ అంది. "నేను బొమ్మల బాక్స్ వెనకాల చూశాను. లాంగ్ టైమ్ అయింది. లాస్ట్ మంత్ నాకు ఫీవర్ వచ్చింది కదా. అది దాని వల్లనా?"

వెనక నుంచి ఎవరో హారన్ కొడుతున్నారు. నా కారు నలభైకి పడిపోయింది, అరవై అయిదు మైళ్ల వేగంతో పోయే రోడ్డు మీద. ఎగ్జిట్ తీసుకుని ఏదో బ్యాంకు పార్కింగ్‌లో ఆపాను.

"మరి మమ్మీకి ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే అది బ్రేక్ అయినట్టు అందరికీ తెలుస్తుంది కదా. తెలియకపోతే మేబీ కౌంట్ అవదు అనుకున్నాను."

తొమ్మిదేళ్ల పిల్ల. నేను స్కోప్‌లో లేదు, ఒట్టులో ఆ మాట లేదు అని తెలివితేటలు చూపించుకుంటూ నెలల తరబడి ఆవిరి పీలుస్తుంటే, ఆ పిల్ల దగ్గొచ్చినప్పుడల్లా, జలుబు చేసినప్పుడల్లా తనే చచ్చిపోతుందేమో అని ఒక్కతే కూర్చుని భయపడింది. ముందురోజు పార్కింగ్‌లో అబద్ధం కూడా నా కోసం చెప్పలేదు. తన ప్రాణం కోసం చెప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. పిల్ల నాకు టిష్యూ ఇచ్చి, "ఇట్స్ ఓకే డాడీ" అంది. అది ఇంకా ఏడిపించింది.

ఫోమ్ కొనలేదు. ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర ఉషని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బొమ్మల పెట్టె, తీగ, ఎక్సెల్ షీటు, పార్కింగ్‌లో చెప్పింది, కార్లో పిల్ల అడిగింది, అన్నీ. ఉష నన్ను మీరు అంటుంది, మీకు తెలుసు. కోపమొస్తే నువ్వు అంటుంది. ఆ రోజు నువ్వనే అంది. "మా నాన్న కూడా దాచాడు. మా కోసమే దాచాడు, మేం బాధపడతామని. దాచి దాచి దిండు కింద పెట్టుకుని పోయాడు. నువ్వు తాగినందుకు కాదు నా కోపం. నువ్వు కూడా దాచావు."

తర్వాత లేచి చెప్పులేసుకుంది. "ముందు పిల్ల మీద ఆ ఒట్టు తియ్యి. ఇప్పుడే" అంది.

ఎలా తియ్యాలి? ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి, చిన్నప్పుడు మనం అన్నట్టే. మేఘ వెంటనే, "గట్టు అంటే?" అంది. చెరువు చుట్టూ ఉండే మట్టికట్ట అన్నాం. ఇక్కడ చెరువెక్కడిది? అపార్ట్‌మెంట్ వెనకాల వాననీళ్ల గుంట ఉంది కదా, మధ్యలో ఫౌంటెన్ పెట్టి దానికి లేక్‌వ్యూ అని అద్దె పెంచారే, అదే. ముగ్గురం వెళ్లాం. ఆ సిమెంటు అంచు మీద నిలబడి, మేఘ తలమీద చెయ్యిపెట్టి తీసి, వంగి ఆ అంచు మీద పెట్టి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అన్నాను. ఒకసారి చాలదని మేఘ మూడుసార్లు అనిపించింది. జాగింగ్ చేసే వాళ్లిద్దరు ఆగి, సర్ బాగానే ఉన్నారా, నడుం పట్టేసిందా అని అడిగారు. బాతులు రెండు బ్రెడ్ వేస్తున్నామేమో అని దగ్గరికొచ్చాయి.

"అయిపోయిందా? నాకేం అవదు కదా?" అంది మేఘ. అవదు అన్నాం ఇద్దరం. పిల్ల భుజాలు దిగాయి. అప్పుడు చూశాను, ఇన్నాళ్లూ అవి బిగుసుకునే ఉన్నాయని.

సరే, పాత ఒట్టు పోయింది, కొత్తది వెయ్యాలి కదా. ఈసారి నా మీద నేనే వేసుకుంటానన్నాను. మేఘ ఒప్పుకోలేదు. "నో డాడీ, అప్పుడు నీకు ఏమైనా అవుతుంది" అంది. ఉష మీద వేస్తానంటే ఇద్దరూ నన్ను గుంటలోకి తోసేట్టు చూశారు.

"ఎవరి మీదా వద్దు" అంది ఉష. "ఒట్టులొద్దు. ఉత్తినే చెప్పండి."

ఉత్తినే చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసిందిరా. ఎవరి నెత్తీ లేకుండా, ఏ దేవుడూ లేకుండా, ఊరికే మానేస్తాను అనడానికి నోరు తెరిచాను. రాలేదు. ఎందుకంటే అది నిజమో కాదో నాకే తెలీదు. ఆఖరికి నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "ఇంకా మానలేదు" అన్నాను.

ఉష తిడుతుందనుకున్నాను. "ఇది నిజం" అంది. "రోజూ నాకు ఇలాగే చెప్పండి. ఏ రోజుకారోజు. మానలేదంటే మానలేదని. మానిన రోజున మానానని. మధ్యలో కథలొద్దు."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆవిడ కాల్స్ అయ్యాక, టీ దగ్గర కూర్చుని, మేఘ కూడా ఉండగా, నేను స్టేటస్ చెప్పాలి. వారం కావొస్తోంది. నాలుగు రోజులు చెప్పాను. ఇంకా మానలేదు, ఇంకా మానలేదు, ఇంకా మానలేదు. ఇరవై ఏళ్లలో స్టేటస్ మీటింగులో ఇంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు. ఇంతగా చెమటలూ పట్టలేదు. నిన్న ఒక్కరోజు ముట్టుకోలేదు. రాత్రి పడుకునేదాకా ఆగి, పొద్దున్నే లేచి, "నిన్న ముట్టలేదు" అని చెప్పాను. మేఘ చప్పట్లు కొట్టింది. ఉష దోశ మీద ఇంకో చెంచా నెయ్యి వేసింది.

ఇవాళ మధ్యాహ్నం, రిలీజ్ ఫెయిలయి మేనేజర్ కేకలేస్తే, మళ్లీ ముట్టాను.

ఇప్పుడు ఆ గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది కదా, ఆవిడ కాల్ అయిపోయినట్టుంది. వస్తోంది. మీరు టీ తాగేసి వెళ్లిపోకండి, ఇవాళ్టి స్టేటస్ మీ ముందే చెప్తాను, ఇంకో పది నిమిషాలు కూర్చోండి. అసలు మిమ్మల్నందరినీ ఇవాళ టీకి పిలిచిందే అందుకు. బయటివాళ్లుంటే నన్ను మీరు అంటుంది.